1,25,000 ఒక్క రూపాయి ఎలా అయింది? సంఖ్యల మార్పిడిపై అపోహలు – వాస్తవాలు

ఒక టోకు వ్యాపారి లెక్కల ఫైలును బిల్లింగ్ ప్రోగ్రాంలోకి ఎక్కించే పని ఒకసారి నా మీద పడింది. ఎక్కించాక చూస్తే మొత్తాలకు పొంతనే లేదు. లక్షల్లో ఉండాల్సిన బాకీలు రూపాయి, రెండు రూపాయలుగా కనిపిస్తున్నాయి. ఎర్రర్ మాత్రం ఒక్కటీ రాలేదు. పరీక్షకని నేను రాసుకున్న మొత్తాలన్నీ 480, 950 లాంటి కామా లేనివి కావడంతో ముందుగా బయటపడలేదు.

అపోహ: ఫైలులో ఉత్త అక్షరాల వరుసగా ఉన్న మొత్తాన్ని లెక్కకు పనికొచ్చే సంఖ్యగా మార్చడం కుదరకపోతే ప్రోగ్రామే చెబుతుంది.

వాస్తవం: కొన్ని చెబుతాయి, కొన్ని నోరు మెదపవు. ఆ రోజు దొంగ జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఈ మార్పిడి చేసే పార్స్‌ఫ్లోట్ (parseFloat). "1,25,000" ఇస్తే ఎడమ నుంచి చదువుతూ వస్తుంది. మొదట 1, బాగానే ఉంది. తర్వాత కామా. దానితో ఏం చేయాలో దానికి తెలియదు కనుక అక్కడితో ఆగి, అప్పటిదాకా చదివిన 1ని మన చేతిలో పెడుతుంది. "12 కిలోలు" అన్నా 12 అంటుంది. అదే భాషలో అదే పని చేసే నంబర్ (Number) కామాను ఒప్పుకోదు, కానీ ఖాళీ గడిని సున్నాగా తీసుకుంటుంది. బాకీ లేకపోవడం, బాకీ రాయడం మరిచిపోవడం రెండూ ఒకటైపోతాయి. సీ భాషలో ఈ పని చేసే ఏటోఎఫ్ (atof) సంఖ్య కాని మాట ఇస్తే సాధారణంగా సున్నాయే ఇస్తుంది.

ఈ విషయంలో నాకు పైథాన్ భాష ముక్కుసూటితనం ఇష్టం. కామా కనబడితే వాల్యూఎర్రర్ (ఇచ్చిన విలువ తప్పు) అని మొహం మీదే చెబుతుంది. అయితే దానికీ ఒక లొసుగుంది. మొత్తం రాయాల్సిన చోట ఎవరైనా ఎన్, ఏ, ఎన్ (nan, అంటే 'సంఖ్య కాదు') అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు కొడితే పైథాన్‌లో మార్పిడి చేసే ఫ్లోట్ హాయిగా ఒప్పుకుంటుంది. ఆ వచ్చిన విలువ పరిమితి కంటే ఎక్కువా అంటే కాదంటుంది, తక్కువా అన్నా కాదంటుంది. "పరిమితి దాటితే ఆపు" అని మీరు రాసిన షరతును అది తాపీగా దాటిపోతుంది.

అపోహ: కామాలు తీసేస్తే చాలు.

వాస్తవం: మన ఊరి ఫైళ్లకు చాలు. జర్మనీ ఇన్‌వాయిస్‌లో "1.234,50" అంటే పన్నెండు వందల ముప్ఫై నాలుగున్నర యూరోలు. అక్కడ దశాంశానికి కామా, వేలకు చుక్క. కామా పీకేస్తే మిగిలేది ఒకటింపావు కూడా లేని మొత్తం. ఉత్త "1.234" ఉంటే అది ఏ లెక్కో ఫైలు ఎక్కడిదో తెలిసినవాళ్లే చెప్పాలి. సీ షార్ప్ భాషలో ఏ దేశపు పద్ధతో చెప్పకపోతే యంత్రం సెట్టింగును బట్టి చదువుతుంది. కామాను వేల గుర్తుగా తీసుకునే అమెరికా సెట్టింగులో "1,5" ఇస్తే పదిహేను వస్తుంది!

అపోహ: ముందు డబుల్‌లోకి (కంప్యూటర్ తన ద్వియాంశ పద్ధతిలో సంఖ్యను దాచే రకం) మార్చి, తర్వాత డెసిమల్ (మన దశాంశ పద్ధతిలోనే దాచే రకం) చేసుకోవచ్చు.

వాస్తవం: అప్పటికే ఆలస్యమైపోతుంది. జావా భాషలోని డెసిమల్ రకం బిగ్‌డెసిమల్. దానికి 0.1 అని కొటేషన్ గుర్తులు లేకుండా నేరుగా ఇస్తే అది ముందు డబుల్ అవుతుంది. ఇచ్చి చూడండి:

0.1000000000000000055511151231257827021181583404541015625

పదిని మూడుతో భాగిస్తే మనకు శేషం తెగనట్టే, పదో వంతు ద్వియాంశ పద్ధతిలో (0, 1లతోనే రాసే పద్ధతి) తెగదు. డబుల్ దానికి దగ్గరి విలువను పట్టుకుంటుంది, బిగ్‌డెసిమల్ ఆ విలువనే నిజాయితీగా చూపిస్తుంది. అదే "0.1" అని కొటేషన్ గుర్తుల మధ్య ఇస్తే సరిగ్గా 0.1 వస్తుంది. డబ్బు లెక్కలో డబుల్ మధ్యలోకి రాకూడదు.

పెద్ద సంఖ్యలదీ ఇదే బాధ. 9007199254740993ను డబుల్‌లోకి మారిస్తే చివర 2 వస్తుంది. ఖాతా నంబర్లను సంఖ్యలుగా మార్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వాటిని కూడతామా, తీసివేస్తామా? అక్షరాలుగానే ఉండనివ్వండి, ముందున్న సున్నాలైనా మిగులుతాయి.

అపోహ: తెలుగు అంకెలు కంప్యూటర్‌కు సంఖ్యలు కావు.

వాస్తవం: పైథాన్‌లో "౧౨.౫"ను ఫ్లోట్‌కు ఇస్తే 12.5 వస్తుంది. జావాలో బిగ్‌డెసిమల్ చదువుతుంది, డబుల్ చదవదు. జావాస్క్రిప్ట్ అసలే చదవదు. విచిత్రమేమిటంటే తెలుగు అంకెలు చదివిన ఆ పైథానే, అచ్చు పుస్తకాల్లో వాడే పొడుగాటి మైనస్ గుర్తుతో "−5" అని ఇస్తే ఎర్రర్ చూపిస్తుంది. కీబోర్డు మీది చిన్న గీతతో "-5" కొట్టి ఇస్తే చదువుతుంది.