పతకం ఇంజిన్ రూమ్‌కూ వస్తుంది: కొన్ని అపోహలు, వాస్తవాలు

సముద్రంలో సాహసం అనగానే చాలామందికి తుపానో తుపాకులో గుర్తొస్తాయి. షిప్పుల్లో ఇంజినీరుగా పనిచేసే నాకు గుర్తొచ్చేది టెలెస్ఫోరో ట్రినిడాడ్. ఫిలిప్పీన్స్‌లో పుట్టి అమెరికా నేవీలో ఫైర్‌మన్‌గా, అంటే బాయిలర్ల మంట చూసుకునే పనివాడిగా చేరినవాడు.

అపోహ: అమెరికా సైన్యంలో అత్యున్నత పతకం మెడల్ ఆఫ్ ఆనర్‌ను యుద్ధంలో పోరాడితేనే ఇస్తారు.

వాస్తవం: ఇప్పుడంతే. అప్పట్లో నేవీ వాళ్లకు మామూలు డ్యూటీలో చూపిన తెగువకూ ఇచ్చేవారు. నీళ్లలో పడ్డ తోటివాణ్ణి కాపాడి పతకం అందుకున్నవాళ్లు బోలెడుమంది.

అపోహ: సాహసమంతా డెక్ మీదే.

వాస్తవం: 1915 జనవరి 21న యుద్ధనౌక శాన్ డియాగోలో బాయిలర్లు పేలాయి. పేలుడు ధాటికి ట్రినిడాడ్ రెండో నంబరు బాయిలర్ గదిలోంచి బయటపడ్డాడు. వెంటనే వెనక్కి వెళ్లి, గాయపడ్డ తోటి ఫైర్‌మన్‌ను ఎత్తుకొచ్చాడు. నాలుగో గదిలోకి వస్తుండగా మూడో గదిలో ఇంకో పేలుడు. ముఖం కాలింది. అయినా చేతుల్లో ఉన్నవాణ్ణి ముందుకు అందించేసి, మూడో గదిలో గాయపడ్డ ఇంకొకణ్ణి బయటికి తేవడానికి సాయం పట్టాడు. అదే ప్రమాదంలో రాబర్ట్ క్యారీ అనే యువ అధికారి, బ్రిడ్జ్ (ఓడను నడిపే గది) నుంచి కరెంటుతో మూసేస్తున్న వాటర్‌టైట్ (నీరు చొరబడని) తలుపులను ఆవిరి కమ్ముకొస్తున్నా సుమారు నిమిషం పాటు పట్టి ఆపాడు. ముగ్గురు బయటపడ్డారు. ఆ తలుపుల బరువు తెలిసినవాళ్లకే ఆ నిమిషం విలువ తెలుస్తుంది. ఇద్దరికీ పతకాలొచ్చాయి.

అపోహ: ఒకడికి పతకం వస్తే వాళ్లవాళ్లందరికీ దారి తెరుచుకుంటుంది.

వాస్తవం: ఇక్కడ జరిగింది సరిగ్గా దానికి రివర్స్. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఆ నేవీలో చేరే ఫిలిప్పీన్స్ వాళ్లకు దాదాపు స్టూవర్డ్ పనులే మిగిలాయి. ఆఫీసర్లకు వండటం, వడ్డించడం. 1970ల మొదట్లో గానీ ఆ పద్ధతి పోలేదు. కొత్త డిస్ట్రాయర్ యుద్ధనౌకకు ట్రినిడాడ్ పేరు పెడతామని ప్రకటించింది 2022లో. చాలా ఆలస్యం అనే అంటాను.

అపోహ: ప్రమాదం జరిగితే మనమూ అలాగే లోపలికి దూకాలి.

వాస్తవం: వద్దు. జూనియర్లకు ఈ కథ చెప్పిన ప్రతిసారీ ఇదీ చెప్తాను. ముందు అలారం, తర్వాత తలలు లెక్కపెట్టడం. బ్రీతింగ్ సెట్ తగిలించుకుని, జోడీగా, బయట ఒక మనిషిని నిలబెట్టి, అప్పుడే లోపలికి. ట్రినిడాడ్ దగ్గర ఇవేవీ లేవు. మన దగ్గర ఉన్నాయి.