సంతలో కొన్న లేగదూడకు పారుడు పట్టుకుంటే: అపోహలు - వాస్తవాలు

సంతలోనో దళారి దగ్గరో కొన్న లేగదూడ జబ్బు పడితే అది ఎక్కువగా ఇంటికొచ్చిన మొదటి వారం, పది రోజుల్లోనే. అది బతికేదీ లేనిదీ ఆ రోజుల్లో ఇంట్లోవాళ్లు ఏం తాపారన్నదాన్ని బట్టే ఉంటుంది. నేను వేసే సూది ఆ తర్వాతి సంగతి. పలమనేరు, కుప్పం పల్లెల్లో పశువైద్యం చేస్తూ మళ్లీ మళ్లీ వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: "కొత్త నీళ్లు పడలేదు సార్, రెండు రోజులు పోతే అదే కుదురుకుంటుంది."

వాస్తవం: తప్పు నీళ్లది కాదు. తల్లి నుంచి విడదీసి, ఆటోలో కుదిపి, పాలు లేకుండా ఎండలో కట్టేసి, పది ఊళ్ల దూడల మధ్య నిలబెట్టిన పసిదూడ అది. క్రిములు అక్కడే అంటుకుంటాయి, మన కొట్టానికి వచ్చాక బయటపడతాయి. నెలలోపు దూడకు సొంత రోగనిరోధక శక్తి అంతంత మాత్రం. ఉన్న రక్షణంతా జున్నుపాలతో వచ్చిందే. ఈనిన రెండు గంటల్లోపు అవి కడుపులో పడాలి. 24 గంటలు దాటితే పేగులు ఆ రక్షణను రక్తంలోకి తీసుకోలేవు. అందుకే కొనేటప్పుడు ధర కన్నా ముందు "జున్నుపాలు తాగిందా, ఎన్నాళ్ల దూడ" అని అడగండి. బొడ్డు పట్టి చూడండి. తడిగా, వాచి, వేడిగా ఉంటే ఎంత చవకైనా తేవద్దు.

అపోహ: "పారుతుంటే పాలు ఆపేయాలి."

వాస్తవం: ఈ ఒక్క మాట వల్ల పోయిన దూడలే ఎక్కువ, అందుకే కాస్త పొడుగ్గా చెబుతాను. పారుడులో దూడను చంపేది చాలాసార్లు క్రిమి కాదు, ఒంట్లోని నీళ్లు, ఉప్పు పోవడం, రక్తం పులవడం (అంటే రక్తంలో ఆమ్లం పెరగడం). 30 కిలోల దూడ ఒంటి బరువులో 8 శాతం నీళ్లు పోతే సుమారు రెండున్నర లీటర్లు తక్కువ పడినట్టు. ఆ లోటు పూడ్చాలి, ఆ రోజు పారేదానికీ పోయాలి, మామూలుగా తాగేదీ తాగాలి. పాలు ఆపితే వీటికి ఆకలి కూడా తోడవుతుంది. పసిదూడ ఒంట్లో దాచుకున్న కొవ్వు చాలా తక్కువ, ఒకటి రెండు రోజుల్లోనే చల్లబడిపోతుంది.

పాలు మానొద్దు. రోజుకు ఒంటి బరువులో పదో వంతు, అంటే ఈ దూడకు మూడు లీటర్లు, మూడు నాలుగు సార్లుగా కొంచెం కొంచెం తాపండి. మధ్యలో గంట, రెండు గంటలు ఎడమిచ్చి ఓఆర్ఎస్ నీళ్లు గోరువెచ్చగా తాపండి. దూడల ఓఆర్ఎస్ దొరక్కపోతే డాక్టరు వచ్చేలోపు మనుషులకు వాడే పొడి అయినా సరే, ప్యాకెట్ మీద రాసిన కొలత ప్రకారమే నీళ్లు కలపండి. పాలలో మాత్రం కలపొద్దు. పాలు కడుపులో సరిగ్గా విరగవు.

మెడ మీద చర్మం గిల్లి వదలండి. వెంటనే సాఫుగా సర్దుకోవాలి. రెండు సెకన్లు దాటినా మడత అట్లాగే ఉంటే, కళ్లు లోపలికి పోయి ఉంటే, నోట్లో వేలు పెట్టినా చప్పరించకపోతే ఇంక తాపడంతో లాభం లేదు. సెలైన్ ఎక్కించాల్సిందే. చీకటి పడిందని తెల్లారేదాకా ఆగొద్దు.

అపోహ: "లేవలేకపోయినా తల పైకెత్తి వెదురు గొట్టంతో పోస్తే దిగుతుంది."

వాస్తవం: దిగుతుంది, ఊపిరితిత్తుల్లోకి. చప్పరించలేని దూడకు నోట్లో ఏదీ పోయొద్దు. చప్పరించగలిగేదానికి నిపుల్ బాటిల్ చాలు. తల వీపు ఎత్తును మించకూడదు.

అపోహ: "గట్టి యాంటీబయాటిక్ ఒకటి వేస్తే ఆగిపోతుంది."

వాస్తవం: మూడు వారాల లోపు దూడల్లో చాలా పారుళ్లు రోటా, కరోనా వైరస్‌ల వల్ల, క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి వల్ల వస్తాయి. వాటి మీద యాంటీబయాటిక్ పనిచేయదు. జ్వరం ఉన్నా, పేడలో రక్తం పడినా, దూడ బాగా నీరసించినా నేనే వేస్తాను. మూడు వారాలు దాటిన దూడ ముక్కుతూ రక్తం, జిగురు పోస్తుంటే కాక్సీడియా అనే పేగు పరాన్నజీవిని అనుమానించాలి, దాని మందు వేరు. మట్టి రంగులో, కంపు కొట్టే పేడ, పొట్ట ఉబ్బు ఉంటే ఏలికపాములు. ఇవి తల్లిపాలతోనే దూడకు చేరతాయి, దున్నదూడల్లో మరీ ఎక్కువ. ఏదో తేలాలంటే పేడ పరీక్ష చేయాలి. తిరుపతి పశువైద్య కళాశాల ఆసుపత్రి దాకా పోగలిగినవాళ్లు కొంచెం పేడ డబ్బాలో పట్టుకుపోండి.

అపోహ: "వాత పెడితే తగ్గుతుంది."

వాస్తవం: తగ్గదు. నొప్పితో ఆ కాస్త పాలు కూడా మానేస్తుంది, పుండుకు పురుగు పడుతుంది. దయచేసి పెట్టొద్దు.

అపోహ: "తెచ్చిన రోజే టీకాలన్నీ వేయిస్తే నిశ్చింత."

వాస్తవం: అలసిన దూడ ఒంట్లో టీకా సరిగా పట్టదు. పైగా ప్రతి టీకాకు ఓ వయసుంది: గాలికుంటుకు నాలుగు నెలలు, గొంతువాపు, జబ్బవాపులకు ఆరు నెలలు, పెయ్యలకు చూడి పోగొట్టే బ్రూసెల్లా జబ్బు టీకా 4-8 నెలల మధ్య ఒక్కసారి. తెచ్చిన రోజు దానికి కావాల్సింది పాలు, పొడి గడ్డి పరుపు, గాలి ఆడే నీడ. చలికాలంలో మా పలమనేరు వైపు మంచుకు వీపు మీద గోనెపట్టా కప్పండి.

అపోహ: "ఒక్క దూడే కదా, మన పశువుల పక్కనే కట్టేద్దాం."

వాస్తవం: కనీసం మూడు వారాలు విడిగా కట్టాలి. స్థలం లేదంటారు. చింతచెట్టు కింద తడిక వేసినా చాలు, మన పశువులు మూతి పెట్టకుండా ఉంటే సరి. బకెట్ వేరే, పని వరసా ముఖ్యమే: ముందు మన పశువులు, చివర కొత్త దూడ. ఒళ్లంతా తడిమి గోమార్లు ఏరించండి. సంకర దూడల్లో థైలేరియా అనే రక్తపు జబ్బు వాటి వల్లే వస్తుంది. జబ్బ ముందు గడ్డ, విడవని జ్వరం కనిపిస్తే ఆ రోజే చూపించాలి.

ఈ పారుడు క్రిములు కొన్ని మనుషులకూ అంటుకుంటాయి. దూడకు వేలు చప్పరించనిచ్చే పిల్లలతో సబ్బుతో చేతులు కడిగించండి.

థర్మామీటరు ఒకటి కొట్టంలో ఉంచుకోండి. దూడకు 101.5 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ మామూలు. 103.5 దాటినా, 100 కిందికి పడినా నాకైనా, పశువుల సంచార వైద్యశాల నంబరు 1962కైనా ఫోన్ చేయండి. వయసెంత, ఎన్నడు తెచ్చారు, ఎప్పటి నుంచి పారుతోంది, చివరిసారి ఎప్పుడు తాగింది, ఏ మందు ఇప్పటికే వేశారు అన్నవి చెబితే మేము వచ్చేలోపు ఏం తాపాలో ఫోన్‌లోనే చెప్పగలం.