మొదటి ముద్దను నిర్ణయించేదెవరు?

బిడ్డకు ఆరు నెలలు నిండగానే, అంటే సుమారు 180 రోజులకు, పాలతోపాటు మెత్తని ఆహారం మొదలుపెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఇళ్లలో మాత్రం కొందరు నాలుగో నెలలోనే చెంచా పట్టుకుంటారు, కొందరు ఎనిమిదో నెల దాటినా పాలతోనే నెట్టుకొస్తారు. దీన్ని అజ్ఞానమని కొట్టిపారేయడం అన్యాయం. చాలాసార్లు పొరపాటు జరిగేది బిడ్డ సైగలను అర్థం చేసుకోవడంలో, లేదా కాలం చెల్లిన సలహాను నమ్మడంలో.

తొందరపడటానికి పెద్ద కారణం రాత్రి మెలకువలు. నాలుగో నెలలో బిడ్డ మాటిమాటికీ లేచినా, గుప్పిట చప్పరించినా పాలు చాలడం లేదనుకుంటారు. ఆ వయసులో ఆ రెండూ మామూలే. చూడాల్సిన గుర్తులు వేరు: మెడ నిలవాలి, కాస్త ఆసరాతో కూర్చోగలగాలి, పెట్టింది మింగగలగాలి. నాలుకతో బయటికి నెట్టేస్తే రుచి నచ్చలేదని కాదు. అది పుట్టుకతో వచ్చిన ప్రతిచర్య, నాలుగు నుంచి ఆరు నెలల మధ్య తగ్గిపోతుంది.

ఆలస్యం వల్ల జరిగే నష్టం పైకి కనిపించదు. పుట్టినప్పటి ఇనుము నిల్వలు ఆరు నెలలకు తరిగిపోతాయి, తల్లిపాలలో ఇనుము చాలా తక్కువ. అందుకే గుడ్డు, మాంసం, చేప, పప్పు మొదటి వారాల్లోనే రావాలి. ఇక్కడే ఇంకో భయం అడ్డుపడుతుంది: గొంతుకు అడ్డం పడుతుందేమోనని అంతా నీళ్లలా పలచన చేస్తారు. చిన్న పొట్ట నీళ్లతోనే నిండిపోతే, తల్లిపాలు తాగే బిడ్డకు 6–8 నెలల్లో పై ఆహారం నుంచి రోజుకు కావలసిన సుమారు 200 కిలోకేలరీలు ఎలా అందుతాయి? చెంచా వంచితే జారిపోకుండా నిలిచేంత చిక్కగా ఉండాలి. పూటకు రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టి, రోజుకు రెండు మూడు సార్లు పెట్టాలి. తొమ్మిదో నెల నుంచి మూడు నాలుగు సార్లు.

ఆ భయానికి మూలం ఓకరింపు. బిడ్డ దగ్గుతూ, శబ్దం చేస్తూ, మొహం ఎర్రబడేలా ఓకరిస్తే ముద్దను తనే ముందుకు తెచ్చుకుంటోందని అర్థం. నిజంగా అడ్డం పడితే గొంతు పెగలదు, దగ్గు రాదు, పెదాలు నీలిరంగుకు మారతాయి. అప్పుడు క్షణం ఆలస్యం చేయకూడదు. ఈ తేడా తెలియక పలుకులున్న ఆహారాన్ని ఏడాది దాటేదాకా వాయిదా వేస్తారు. పది నెలల తర్వాతగానీ పలుకులు రుచి చూడని పిల్లల్లో తర్వాత తిండి పేచీలు ఎక్కువగా కనిపించాయి. ద్రాక్షను నిలువుగా నాలుగు ముక్కలు చేయాలి, గింజలను మెత్తగా నూరి కలపాలి.

ఇక పెద్దల మాట. అలెర్జీ ముప్పు ఉన్న పిల్లలకు మూడేళ్లదాకా వేరుశనగ పెట్టవద్దని 2000లో అమెరికా శిశువైద్యుల సంఘమే చెప్పింది, 2008లో ఆ సలహాను వదులుకుంది. ముప్పు ఎక్కువగా ఉన్న 640 మంది పసివాళ్లపై చేసి 2015లో ప్రచురించిన లండన్ అధ్యయనంలో, తొలి ఏడాదిలోనే తినిపించడం మొదలుపెట్టినవారిలో వేరుశనగ అలెర్జీ దాదాపు ఐదో వంతుకు తగ్గింది. కాబట్టి అమ్మమ్మ వద్దంటే, ఆమె కాలంలో వైద్యులే చెప్పిన మాట కావచ్చు. గొడవపడటం కన్నా ఆమెను తర్వాతిసారి వైద్యుడి దగ్గరికి వెంట తీసుకెళ్లడం మేలు. తీవ్రమైన ఎగ్జిమా (చర్మం ఎర్రబడి, పొడిబారి దురదపెట్టే జబ్బు) ఉన్న బిడ్డకు వైద్యుడిని అడిగాకే వేరుశనగ మొదలుపెట్టాలి. ఏడాదిలోపు తేనె వద్దన్న హెచ్చరిక మాత్రం నేటికీ నిజం. తేనెలో ఉండగల బ్యాక్టీరియా వల్ల పసివాళ్లకు వచ్చే బొటులిజం అనే జబ్బు ప్రాణాంతకం కావచ్చు.

డబ్బు ప్రభావాన్ని మనం తక్కువగా మాట్లాడుకుంటాం. కొత్త రుచి అలవాటు కావడానికి పది సార్లదాకా పెట్టాల్సి రావచ్చు. తొమ్మిది సార్లు పారేయగల స్తోమత లేని ఇల్లు, బిడ్డ తప్పక తినే తీపి బిస్కట్టు వైపే వెళుతుంది. వాళ్లను తప్పుపట్టి లాభం లేదు. ఇంటిల్లిపాదికీ వండే కూరలోంచే ఉప్పు, కారం వేయకముందు ఒక్క చెంచా తీసి మెదిపి పెడితే, వద్దన్నా పోయేది ఆ చెంచాడే.

తల్లి ఉద్యోగానికి వెళితే తినిపించే చెయ్యి మారుతుంది. ఆ చేతికి ఎంత పెట్టాలో చెప్పి ఊరుకుంటే చాలదు, ఎప్పుడు ఆపాలో కూడా చెప్పాలి. బిడ్డ తల తిప్పుకున్నా, నోరు బిగించినా కాసేపు ఆగి ఇంకోసారి చూపించాలి. అప్పటికీ వద్దంటే గిన్నె తీసేయాలి.