వర్క్‌స్టేషన్‌ను కొత్త చిప్ దాటేదెప్పుడు?

ఖరీదైన వర్క్‌స్టేషన్ (భారీ పనుల కోసం చేసిన శక్తిమంతమైన కంప్యూటర్) కొన్నవాళ్లకు ఒక టెన్షన్ ఎప్పుడూ ఉంటుంది: మామూలు కంప్యూటర్లలో వచ్చే కొత్త చిప్ దీన్ని ఎప్పుడు దాటేస్తుంది? ఒకప్పుడైతే క్యాలెండర్ చూసి జవాబు చెప్పేయవచ్చు. ఇప్పుడు ఆ మెషీన్‌తో ఏం పని చేస్తారో తెలిస్తే తప్ప చెప్పలేం.

ఈ చరిత్ర ఎవరు చెప్పినా ఇంటెల్ సహ వ్యవస్థాపకుడు గోర్డన్ మూర్‌తోనే మొదలుపెడతారు. ఒక చిప్‌పై పట్టే భాగాల సంఖ్య ఏటా రెట్టింపవుతోందని ఆయన 1965లో రాశారు. 1975లో దాన్ని రెండేళ్లకోసారి అని సవరించారు. కానీ పాత మెషీన్లు అంత త్వరగా వెనకబడటానికి అసలు కారణం 1974లో ఐబీఎంలో రాబర్ట్ డెన్నార్డ్, ఆయన సహచరులు చూపిన సూత్రమని నా అభిప్రాయం. ట్రాన్సిస్టర్ (చిప్‌లో కరెంటును ఆన్, ఆఫ్ చేసే బుల్లి స్విచ్) చిన్నదయ్యేకొద్దీ దానికి ఇచ్చే వోల్టేజీ కూడా తగ్గించవచ్చు. అందువల్ల అదే చోట ఎక్కువ ట్రాన్సిస్టర్లు పెట్టి, వాటిని ఇంకా వేగంగా నడిపినా వేడి పెరగదు. సుమారు మూడు దశాబ్దాలు ఇదే నడిచింది. ప్రోగ్రామ్‌లో ఒక్క అక్షరం మార్చకుండానే, కొత్త చిప్ వేస్తే పని వేగం పెరిగేది.

సన్ మైక్రోసిస్టమ్స్, సిలికాన్ గ్రాఫిక్స్ లాంటి సంస్థల వర్క్‌స్టేషన్లను దెబ్బతీసింది ఆ వేగమే. ఇంజినీర్లు, సినిమా గ్రాఫిక్స్ చేసేవాళ్లు వాడే ఆ మెషీన్లలో వేరే రకం ప్రాసెసర్లు ఉండేవి. 1995 నవంబరులో ఇంటెల్ తెచ్చిన పెంటియం ప్రో పూర్ణాంకాల లెక్కల్లో వాటి సరసన నిలబడింది. దశాంశాలతో చేసే భారీ గణితంలో మాత్రం డెక్ కంపెనీ ఆల్ఫా చిప్‌దే పైచేయి. అయినా పీసీ చిప్‌లు కోట్లలో అమ్ముడయ్యేవి, ఆ డబ్బే తర్వాతి తరం చిప్‌కు పెట్టుబడి అయ్యేది. సిలికాన్ గ్రాఫిక్స్ 2009లో దివాలా తీసింది, సన్‌ను 2010లో ఒరాకిల్ కొనేసింది.

ఆలోపే డెన్నార్డ్ సూత్రం పనిచేయడం మానేసింది. వోల్టేజీని ఒక హద్దు దాటి తగ్గిస్తే ట్రాన్సిస్టర్ ఆపేసినప్పుడు కూడా కరెంటు లీకవుతుంది. తగ్గించకపోతే చిప్ వేడెక్కిపోతుంది. 2004లో ఇంటెల్ 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4ను తేకుండానే వదిలేసింది. మరుసటి ఏడాది నుంచి ఒకే చిప్‌లో రెండు కోర్లు (విడివిడిగా లెక్కలు చేసే భాగాలు), తర్వాత నాలుగు, ఎనిమిది. 2020 ఫిబ్రవరికి ఏఎండీ థ్రెడ్‌రిప్పర్ 3990ఎక్స్‌లో 64.

కోర్లు పెరిగితే అన్ని పనులూ వేగంగా అవుతాయా? కావు. దీనికి కంప్యూటర్ ఇంజినీర్ జీన్ ఆమ్డాల్ 1967లోనే కారణం చెప్పారు. పనిలో పదో వంతు ఒకదాని తర్వాత ఒకటిగా చేయాల్సిందే అయితే, ఎన్ని కోర్లు పెట్టినా వేగం పది రెట్లు దాటదు. వీడియో రెండరింగ్‌ను ముక్కలుగా పంచవచ్చు. చాలా డిజైన్ సాఫ్ట్‌వేర్లలో మోడల్‌ను మార్చే పని మాత్రం ఇప్పటికీ ఎక్కువగా ఒక్క కోర్ మీదే ఆధారపడుతుంది.

అందుకే ఇప్పుడు ఒకే మెషీన్‌ను కొత్త చిప్‌లు ఒక్కో పనిలో ఒక్కో సమయంలో దాటుతున్నాయి. దీనికి మంచి ఉదాహరణ, 2019 డిసెంబరులో 28 కోర్ల జియాన్ (ఇంటెల్ వర్క్‌స్టేషన్ చిప్) వరకు ఆప్షన్‌తో అమ్మకానికి వచ్చిన ఆపిల్ మ్యాక్ ప్రో. ఏడాది తిరగకుండానే, 2020 నవంబరులో, ఆపిల్ సొంత చిప్ ఎం1తో వచ్చిన, ఫ్యాన్ కూడా లేని ల్యాప్‌టాప్ ఒక్క కోర్ పరీక్షల్లో దాన్ని మించిపోయింది. అన్ని కోర్లూ కలిపి చూసే పరీక్షల్లో మించడానికి 2022 మార్చిలో 20 కోర్ల ఎం1 అల్ట్రా రావాల్సి వచ్చింది. మెమరీలో అయితే ఆ పాత మెషీన్ ఓడనే లేదు. దానిలో 1.5 టెరాబైట్ల ర్యామ్ పెట్టుకోవచ్చు. 2023లో దాని స్థానంలో వచ్చిన మ్యాక్ ప్రోలో గరిష్ఠం 192 గిగాబైట్లు, 2025 నాటి ఎం3 అల్ట్రాలో 512.

భారీ సిమ్యులేషన్లు చేసేవాళ్లకు ఈ తేడా చిన్నది కాదు. డేటా ర్యామ్‌లో పట్టకపోతే ప్రాసెసర్ డిస్క్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది, కోర్ ఎంత కొత్తదైనా. మామూలు డెస్క్‌టాప్ చిప్‌కు సాధారణంగా రెండు మెమరీ చానెళ్లే (ర్యామ్ నుంచి చిప్‌కు డేటా వచ్చే దారులు) ఉంటాయి, పెద్ద వర్క్‌స్టేషన్ చిప్‌లలో ఎనిమిది వరకు ఉంటాయి. ఒక్కో చానెల్ కోసం సాకెట్‌లో పిన్నులు, బోర్డు మీద దారులు పెంచాలి. ట్రాన్సిస్టర్ చిన్నదైనంత మాత్రాన అవి పెరగవు.