రాయలవారి ముఖాన స్ఫోటకం మచ్చలు

మద్రాసులో పోర్ట్రెయిట్లు వేసి బతుకుతున్నాను. నా దగ్గరికొచ్చే తెలుగువాళ్లు రెండు రకాలు: తాతముత్తాతల పటాలు కావాలనేవాళ్లు, సంఘం హాల్లోకి మహనీయుల బొమ్మలు కావాలనేవాళ్లు. ఇద్దరి నోటా వినే అపోహలివి.

అపోహ: ఫోటో ఉంటే చాలు, చూసి దించేయడమే.
వాస్తవం: పాతకాలపు ఫోటో ప్లేట్లకు ఎరుపు అందేది కాదు. ఎర్రంచు చీర నల్లంచుగా పడేది, గోధుమ ఛాయ మనిషి నల్లగా వచ్చేవారు. అందుకే ఫోటోతోపాటు ఇంట్లో పెద్దవాళ్లు ఒకరిని కూడా తీసుకురమ్మంటాను. అంచు ఏ రంగు, నుదుట నామమా విభూతా, తలపాగా ఎటు చుట్టేవారు... సగం బొమ్మ వాళ్ల నోట్లోనే ఉంటుంది.

అపోహ: కాస్త తెల్లగా వేస్తే హుందాగా ఉంటుంది.
వాస్తవం: సున్నం కొట్టినట్టుంటుంది. ఈ విషయంలో వాదించడం మానేశాను.

అపోహ: వారంలో అయిపోతుంది.
వాస్తవం: ఆయిల్ రంగు నీళ్ల రంగులా ఆవిరై ఆరదు, గాలిలోని ఆక్సిజన్ పట్టి గట్టిపడుతుంది. వార్నిష్‌కు మామూలుగా ఆరు నెలలు ఆగాలి. నవంబరు 1న ఆవిష్కరణ పెట్టుకుని, అక్టోబరు వానల్లో వచ్చి అడుగుతారు. టెన్షన్ నాకు.

అపోహ: శ్రీకృష్ణదేవరాయలు ఎలా ఉండేవారో అందరికీ తెలుసు.
వాస్తవం: చాలామందికి తెలిసింది రాయల వేషంలో ఉన్న ఎన్టీ రామారావు. 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసువాడు డొమింగో పాయెస్ రాయలవారిని చూసి రాసిపెట్టాడు: నడితరం ఎత్తు, మంచి ఛాయ, కాస్త లావుపాటి ఒళ్లు, ముఖాన స్ఫోటకం మచ్చలు. నెత్తిన జరీ టోపీ. తిరుమల గుళ్లో దేవేరులిద్దరితో చేతులు జోడించి నిలబడ్డ ఆయన విగ్రహానికీ కిరీటం లేదు, కుళ్లాయే, అంటే పొడుగాటి టోపీయే ఉంది. రాయలకు ముందే, విజయనగర కొలువు కోసం కుళ్లాయి పెట్టుకోవాల్సొచ్చిందని శ్రీనాథుడి పేర ఒక చాటువు ఉంది కదా, ఆ కుళ్లాయే.

ఇవన్నీ కలిపి ఒక సంఘం వాళ్లకు స్కెచ్ వేసి చూపించాను. "బాగుందండీ, ఎవరీయన?" అన్నారు. చెప్పాను. వాళ్ల ముఖాలు చిన్నబోయాయి. తిరుమల విగ్రహం ఫోటో తీసి చూపిస్తే, ఒక పెద్దాయన, "అది దేవుడి ముందు బాబూ, అక్కడ కిరీటం తీసేసుంటారు" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

చివరికి కిరీటమే పెట్టాను. మీసం కూడా వాళ్లడిగినంత మెలితిప్పాను. ఎడమ చెంప మీద నీడ పడేచోట మాత్రం రెండు మచ్చలు ఉంచేశాను. ఆ పటం హాల్లో ఎత్తుగా తగిలించారు, ఇంతవరకూ ఎవరూ అడగలేదు.