కిడ్నీ, మూత్రాశయం ఒకేసారి తీయాలంటే: అపోహలు - వాస్తవాలు

మూత్రాశయంలో క్యాన్సర్, అదే మనిషికి ఒక వైపు కిడ్నీలోనో, దాని నుంచి మూత్రాశయానికి వచ్చే మూత్రనాళంలోనో ఇంకో గడ్డ. రెండూ ఒకే ఆపరేషన్‌లో, కీహోల్ (చిన్న రంధ్రాల) పద్ధతిలో తీసేద్దామంటే ఇంటిల్లిపాదికీ టెన్షన్. యూరాలజిస్టుగా ఓపీలో నేను తరచూ వినే మాటలివి.

అపోహ: రెండు చోట్ల ఉందంటే ఒళ్లంతా పాకేసినట్టే.

అలా అనుకోనక్కర్లేదు. కిడ్నీ లోపలి నుంచి మూత్రాశయం దాకా ఉండేది ఒకటే పొర, యూరోథీలియం. బీడీ, సిగరెట్ పొగలోని విషాలు మూత్రంలోకి దిగి ఆ పొర మొత్తాన్నీ తాకుతాయి. అందుకే ఒకచోట పుట్టిన జబ్బు మరోచోటా రావచ్చు, పైన రాలిన కణాలు కింద అంటుకోవచ్చు. ఊపిరితిత్తులకో ఎముకలకో పాకడం వేరే సంగతి. అది స్కాన్‌లో విడిగా చూస్తాం.

అపోహ: చిన్న రంధ్రాలతో చేస్తే క్యాన్సర్ కొంత లోపలే ఉండిపోతుంది.

కోత చిన్నదే, తీసేది మాత్రం తగ్గదు. కిడ్నీ, మూత్రనాళం, మూత్రాశయం, లింఫ్ గ్రంథులు, మగవాళ్లకు ప్రోస్టేట్ కూడా. కిడ్నీని ఎక్కువగా కదిలించకముందే గడ్డకు దిగువన మూత్రనాళానికి క్లిప్ వేస్తాం. ఆ వైపు నాళాన్ని ఎక్కడా తెంచకుండా అంతా ఒకే ముక్కగా విడదీసి, లోపలే బ్యాగులో పెట్టి, పొత్తికడుపు దగ్గర కోత పెట్టి బయటికి తీస్తాం. 'గాలి తగిలితే పాకుతుంది' అన్న భయం అక్కర్లేదు. మూత్రం కడుపులో ఒలికితేనే ప్రమాదం, మా జాగ్రత్తంతా దానికే. మూత్రాశయం ఒక్కటే తీసే ఆపరేషన్లపై 2018లో వచ్చిన రేజర్ అనే అధ్యయనంలో, రెండేళ్ల ఫలితాల్లో రోబోటిక్ పద్ధతి (రోబో సాయంతో చేసే కీహోల్) పెద్ద కోతతో చేసే ఓపెన్ సర్జరీకి తీసిపోలేదు. రక్తం పోవడం తగ్గింది. అయితే గడ్డ బాగా పెద్దదై పక్క అవయవాలను పట్టేస్తే నేను ఓపెన్ సర్జరీకే మొగ్గుతాను.

అపోహ: ముందు ఆపరేషన్ కానివ్వండి, కీమో తర్వాత చూద్దాం.

ఈ ఒక్కటీ దయచేసి వినండి. ఈ క్యాన్సర్‌కు ముఖ్యమైన మందు సిస్‌ప్లాటిన్. అది ఇవ్వాలంటే కిడ్నీల వడపోత, అంటే జీఎఫ్ఆర్, మామూలుగా నిమిషానికి 50-60 మిల్లీలీటర్లకు తగ్గకూడదు. ఒక కిడ్నీ పోయాక చాలామందికి అంత ఉండదు. కాబట్టి రెండు కిడ్నీలూ ఉండగానే కీమో ఇవ్వగలమా అని ఆలోచించాలి. 'రక్త పరీక్షలో క్రియాటినిన్ నార్మలే కదా' అంటారు. బక్కచిక్కిన పెద్దవాళ్లలో క్రియాటినిన్ బాగానే కనిపించినా జీఎఫ్ఆర్ తక్కువ ఉండొచ్చు. ఆపరేషన్ తేదీ అడిగే ముందు జీఎఫ్ఆర్ ఎంతో అడగండి.

అపోహ: రెండు చోట్ల గడ్డలుంటే అందరికీ ఇదే ఆపరేషన్.

కాదు. మూత్రాశయంలో పైపైనే ఉన్న గడ్డను స్కోపుతో గీకి, మూత్రాశయంలోకి ఎక్కించే బీసీజీ మందుతో నయం చేయొచ్చు. పైన, అంటే కిడ్నీలోనో మూత్రనాళంలోనో, చిన్న, తక్కువ తీవ్రత గడ్డయితే లేజర్‌తో కిడ్నీని కాపాడొచ్చు.

అపోహ: అన్నీ తీసేశారు, ఇక చెకప్‌లు అక్కర్లేదు.

మిగిలిన కిడ్నీలో, దాని నాళంలో ఉన్నదీ అదే పొర. ఏళ్ల తరబడి స్కాన్లు, మూత్ర పరీక్షలు తప్పవు. మూత్రాశయం తీశాక మూత్రం బయటికి రావడానికి పేగుతో పొట్టపై చేసిన దారి (స్టోమా) నుంచి బ్యాగులోకి వచ్చే మూత్రం ఎర్రబడితే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి, వెంటనే రండి. బీడీ మాత్రం ఆపరేషన్‌కు ముందే మానేయాలి.