హెచ్‌టూఎస్ డిటెక్టర్ క్యాలిబ్రేషన్: అపోహలు - వాస్తవాలు

ఫార్మా యూనిట్ల ఈటీపీల్లో (వ్యర్థజలాల శుద్ధి ప్లాంట్లలో), రిఫైనరీల్లో, మురుగునీటి పంపింగ్ స్టేషన్లలో బిగించే హైడ్రోజన్ సల్ఫైడ్ (హెచ్‌టూఎస్) డిటెక్టర్ల గురించి ఇది. వాటిలో చాలావరకు ఎలక్ట్రోకెమికల్ సెల్ ఉంటుంది. సల్ఫ్యూరిక్ ఆమ్లం, మూడు ఎలక్ట్రోడ్లు, పైన సన్నని రంధ్రం. ఆ రంధ్రం గుండా దూరిన గ్యాస్ లోపల ఆక్సీకరణ చెంది, పీపీఎంను (పది లక్షల భాగాల గాలిలో ఎన్ని భాగాల గ్యాస్ ఉందో దాన్ని) బట్టి మైక్రోఆంపుల్లో కరెంటు పుట్టిస్తుంది. ఆ కరెంటును సరైన అంకెగా మార్చే లెక్కను సరిచేయడమే క్యాలిబ్రేషన్.

అపోహ: డిస్‌ప్లే మీద సున్నా ఉంది, ఫాల్ట్ లేదు. అంటే డిటెక్టర్ బాగుంది.

ఎలక్ట్రోలైట్ ఎండిపోయిన సెల్ కూడా సున్నాయే చూపిస్తుంది. షట్‌డౌన్‌లో పెయింటర్లు ఫిల్టర్ మీద ఒక కోటు రంగు వేసేసినా సున్నాయే. రెండు సందర్భాల్లోనూ కంట్రోల్ రూమ్‌కు శుభ్రంగా 4 మిల్లీ ఆంప్స్, అంటే సున్నా సిగ్నల్, వెళ్తూ ఉంటుంది. ఫాల్ట్ సర్క్యూట్ పట్టుకునేది కేబుల్ తెగడం, సెల్ ఊడిపోవడం లాంటివే. గ్యాస్ సెల్ దాకా చేరుతోందో లేదో దానికి తెలియదు. తెలుసుకోవాలంటే గ్యాస్ పెట్టి చూడాల్సిందే.

అపోహ: లీకైతే కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది, ముక్కే చెబుతుంది.

సుమారు 100 పీపీఎం దగ్గర నిమిషాల్లోనే ముక్కు మొద్దుబారుతుంది. ప్రాణాలకు తక్షణ ప్రమాదంగా అమెరికా వృత్తి భద్రత, ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ ఇచ్చిన గీత కూడా సరిగ్గా 100 పీపీఎమే. వాసన పోయిందంటే గ్యాస్ పోయిందని అర్థం కాదు.

అపోహ: క్యాలిబ్రేషన్ అయ్యాక 25 పీపీఎం టెస్ట్ గ్యాస్‌కు 25 చూపించింది, ఇక చాలు.

ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. అడ్జస్ట్ చేశాక 25 రాకుండా ఎలా ఉంటుంది, మీరే అక్కడ పెట్టారు కదా! రికార్డులో ముందు పడాల్సింది అడ్జస్ట్ చేయకముందు వచ్చిన అంకె. ఉదాహరణకు 25 పీపీఎం గ్యాస్‌కు డిటెక్టర్ 15 చూపించిందనుకోండి. నిజంగా ఉన్న దాంట్లో 60 శాతమే చూపిస్తోందన్నమాట. 10 పీపీఎంకు సెట్ చేసిన అలారం అసలు గాలిలో దాదాపు 17 పీపీఎం చేరితే గానీ మోగదు. 2025 నవంబరులో కొత్త కార్మిక కోడ్ అమల్లోకి వచ్చేదాకా ఉన్న మన ఫ్యాక్టరీల చట్టం రెండో షెడ్యూల్‌లో ఈ గ్యాస్‌కు 8 గంటల సగటు పరిమితి 10, స్వల్పకాల పరిమితి 15 పీపీఎంగా ఉండేవి. ఆ రెండూ దాటాకే అలారం మోగుతుంది. పైగా కిందటి క్యాలిబ్రేషన్ నుంచి ఇప్పటిదాకా అక్కడ పనిచేసినవాళ్లకు రక్షణ ఏ మేరకు ఉందో చెప్పగలిగేది ఆ ఒక్క అంకే. దాన్ని రాయకుండా స్క్రూ తిప్పితే ఆ సమాచారం మళ్లీ దొరకదు.

ఎంత తరచుగా చేయాలో తేల్చేది కూడా ఆ అంకే. కొత్త చోట నెలకోసారి మొదలుపెట్టండి. వరుసగా 10 శాతం లోపే తేడా వస్తుంటే, తయారీదారు చెప్పిన గడువు దాటకుండా విరామం పెంచుకోవచ్చు. స్పాన్‌ను (తెలిసిన గ్యాస్‌కు సరైన అంకె వచ్చేలా చేసే సర్దుబాటును) ప్రతిసారీ పైకి పెంచాల్సి వస్తోందంటే సెల్ ఆయువు అయిపోతోంది. మామూలుగా రెండు, మూడేళ్లు వస్తుంది. ఎండాకాలం పొడి వేడికి ఎలక్ట్రోలైట్ ఎండి ఇంకా ముందే పోవచ్చు.

అపోహ: జీరో (గ్యాస్ లేని గాలికి సున్నా చూపేలా సెట్ చేయడం) ఎక్కడైనా చేయొచ్చు.

ఈటీపీ ట్యాంకు పక్కనే నిలబడి జీరో కొడితే అక్కడి గాలిలో ఉన్న గ్యాస్‌నే సున్నాగా నేర్పినట్టు. ఆ గాలిలో 3 పీపీఎం ఉందనీ, తర్వాత 25తో స్పాన్ కూడా చేశారనీ అనుకుందాం. నిజంగా 10 ఉన్నప్పుడు డిస్‌ప్లే 8 దగ్గరే ఆగుతుంది. 25 దగ్గర మాత్రం సరిగ్గా చూపిస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. అనుమానం ఉన్న చోట జీరో ఎయిర్ (శుభ్రమైన గాలి) సిలిండర్ వాడండి.

  

అపోహ: టెస్ట్ గ్యాస్ ఫ్లో పెంచితే పని త్వరగా అవుతుంది.

చాలా డిటెక్టర్లకు నిమిషానికి 0.5 లీటరు చాలు. మాన్యువల్ వేరే అంకె చెబితే అదే వాడండి. ఫ్లో ఎక్కువైతే, గ్యాస్ ఇవ్వడానికి డిటెక్టర్ మీద బిగించే కప్పులో ఒత్తిడి పెరిగి రీడింగ్ ఉన్నదానికన్నా ఎక్కువ వస్తుంది. మీరు స్పాన్ తగ్గిస్తారు. రేపు నిజంగా లీకైతే డిటెక్టర్ తక్కువ చూపిస్తుంది. ఫ్లో మరీ తక్కువైతే, లేదా గాలి వీచే చోట కప్పు సరిగ్గా కూర్చోకపోతే, దీనికి తలకిందులుగా జరుగుతుంది.

పని క్రమం ఇది. కంట్రోల్ రూమ్‌కు చెప్పి ఆ ఛానెల్‌ను ఇన్‌హిబిట్‌లో (అలారం, ట్రిప్ తాత్కాలికంగా పనిచేయకుండా) పెట్టించండి. ఫిల్టర్ చూసి, మూసుకుపోయి ఉంటే మార్చండి. జీరో సరిచూడండి. ట్యూబు మీటరు లోపే ఉండాలి. రెగ్యులేటర్ స్టెయిన్‌లెస్ స్టీలుది కావాలి, ఇత్తడి ఈ గ్యాస్‌తో చర్య జరుపుతుంది. గ్యాస్ తెరిచి రీడింగ్ కదలకుండా నిలిచేదాకా ఆగండి. తొంభై సెకన్లైనా పట్టొచ్చు. అంకె ఇంకా ఎక్కుతుండగానే స్పాన్ కొట్టేస్తే తప్పు విలువ నిలిచిపోతుంది. 0-100 రేంజిలో 25 పీపీఎంకు, కంట్రోల్ రూమ్‌కు వెళ్లే లూప్‌లో (4 అంటే సున్నా, 20 అంటే పూర్తి రేంజి) 8 మిల్లీ ఆంప్స్ రావాలి, 0-50 రేంజి అయితే 12. డిస్‌ప్లే మీదా కంట్రోల్ రూమ్‌లోనూ ఒకటే అంకె ఉందా అని అడిగి రాసుకోండి.

అపోహ: సిలిండర్‌లో గ్యాస్ ఉన్నంతకాలం వాడొచ్చు.

ప్రెజర్ మిగిలి ఉన్నా పీపీఎం మిగలకపోవచ్చు. హైడ్రోజన్ సల్ఫైడ్ తేమతోనూ లోహంతోనూ చర్య జరిపి తరిగిపోతుంది, అందుకే లోపలి గోడలను ప్రత్యేకంగా శుద్ధి చేసిన అల్యూమినియం సిలిండర్లలో ఇస్తారు. గడువు తేదీ దాటాక లేబుల్ మీద 25 ఉన్నా లోపల 18 ఉండొచ్చు. అప్పుడు స్పాన్ పెంచేస్తారు, డిటెక్టర్ ఎక్కువ చూపిస్తుంది. 'జాగ్రత్త వైపే కదా' అనిపిస్తుంది గానీ, ఊరికే మోగే అలారాన్ని నాలుగు రోజుల్లో ఎవరో ఒకరు బైపాస్ చేస్తారు. 58 లీటర్ల సిలిండర్ 0.5 ఫ్లోలో 116 నిమిషాలు వస్తుంది, డిటెక్టర్‌కు మూడు నిమిషాల చొప్పున ముప్పై ఎనిమిదింటికి సరిపోతుంది. ఆ లెక్కన కొనుక్కుంటే పాతది దాచి వాడే అవసరం రాదు.

అపోహ: బంప్ టెస్ట్, క్యాలిబ్రేషన్ రెండూ ఒకటే.

బంప్ టెస్ట్ అంటే గ్యాస్ పెట్టి డిటెక్టర్ స్పందిస్తోందా, అలారం మోగుతోందా అని చూడటమే. అంకె సరిచేయడం అందులో ఉండదు. పోర్టబుల్ మీటరుకైతే రోజూ వాడకముందు బంప్ చేయాలి.

కొన్ని ఫిక్స్‌డ్ డిటెక్టర్లలో క్యాలిబ్రేషన్ గ్యాస్ ఇచ్చే పోర్టు ఫిల్టర్‌కు లోపలి వైపు ఉంటుంది. ఫిల్టర్ మట్టితో బిగుసుకుపోయినా ఆ పోర్టు నుంచి ఇచ్చిన గ్యాస్ నేరుగా సెల్‌ను చేరుతుంది. టెస్ట్ పాస్, బయటి గ్యాస్ మాత్రం లోపలికి రాదు. మీ మోడల్ డ్రాయింగ్‌లో పోర్టు ఎక్కడుందో చూడండి. లోపలి వైపు ఉంటే అప్పుడప్పుడూ ఫిల్టర్ బయటి నుంచే కప్పు పెట్టి గ్యాస్ ఇచ్చి, రీడింగ్ ఎన్ని సెకన్లలో 90 శాతానికి చేరిందో కొత్త ఫిల్టర్‌తో వచ్చిన సమయంతో పోల్చండి.

క్యాలిబ్రేషన్ అయిపోగానే కప్పు తీసి, రీడింగ్ పూర్తిగా సున్నాకు దిగాకే ఇన్‌హిబిట్ తీయించండి, లేకపోతే మిగిలిన గ్యాస్‌కే ట్రిప్ అవుతుంది. తీసినట్టు కంట్రోల్ రూమ్ ఆపరేటర్ నోటితో చెప్పాకే అక్కడి నుంచి కదలండి.